తెలుగునాట తెల్లని బియ్యము: బెరిబెరి వ్యాధి చరిత్రపై ఒక పరిశీలనము

ఆహార చరిత్రను వ్రాయునపుడు మనము సాధారణముగా పిండివంటల పట్టికలను, విందుల వర్ణనలను సేకరించి తృప్తి చెందుచుందుము. ఏ జాతి యేమి తినెనో తెలిసికొనుట అవసరమే. కాని తినిన అన్నము తినినవాని దేహమునందు ఏమి చేసెను, ఆ అన్నమునకే సంఘము గౌరవము నేల కట్టబెట్టెను అను ప్రశ్నలను వేసినగాని ఆ చరిత్ర పూర్తి కాదు. ఈ దృష్టితో మేము ఒక్క విషయమును ఇచట పరిశీలింపదలచితిమి. అది కోస్తా తెలుగు జిల్లాలలో తెల్లని బియ్యమునకును బెరిబెరి అను వ్యాధికిని గల సంబంధము. ధాన్యపు మరలు వచ్చిన పిదపనే ఈ వ్యాధి మన నాట పుట్టినదని పలువుర అభిప్రాయము. మర వ్యాధిని పెంచిన మాట నిజమే. కాని దానికి మూలము మరకు పూర్వమే మన అభిరుచిలో నున్నదని మా ప్రతిపాదనము.

మొదట భాష చెప్పు సాక్ష్యమును చూతము. సంస్కృతమున ‘అన్నము’ అనగా తినబడునది, ఏ ఆహారమైనను కావచ్చును. తెలుగున ఆ పదము వరి బియ్యముతో వండినదానికే రూఢమైనది. తక్కిన ధాన్యములకు జొన్నన్నము, కొఱ్ఱన్నము అని విశేషణము చేర్పవలసి యుండును, వరికి అక్కరలేదు. అచ్చతెలుగు పదమైన ‘కూడు’ ప్రాచీన కవుల ప్రయోగములలో హీనార్థము కలది కాదు. తమిళమున దీని సోదర పదము జావకు, అంబలికి పేరు. కాలక్రమమున ‘అన్నము’ పీట యెక్కగా ‘కూడు’ అరుగు క్రిందికి దిగినది. నేడు అతిథిని కూటికి రమ్మని పిలిచినవాడు అతనిని అవమానించినవాడే యగును.

సాహిత్యమును ఇదే మాట చెప్పుచున్నది. పలనాట జొన్న తప్ప సన్నన్నము దొరకదని వాపోవు చాటువులు శ్రీనాథుని పేర ప్రచారమున నున్నవి. అవి ఆ మహాకవివే యగునా కాదా అను చర్చ వేరు. వానిని చెప్పుకొని నవ్విన తరములకు వరియన్నము నాగరకతకును, జొన్న మోటుదనమునకును గుర్తులుగా నుండెననుట స్పష్టము. సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడిన నాటినుండి ఇట్టి ఆధారములను సాంఘిక చరిత్రకు వాడుకొను మార్గము మనకు సుగమమైనది. ఆ మార్గముననే మరికొంత దూరము పోయి, గౌరవము పొందిన ఈ ధాన్యము వంటయింటికి చేరువరకు ఏమగుచుండెనో పరిశీలింపవలెను.

వడ్లను రోటిలో దంచినపుడు మొదట ఊక పోవును. అప్పటి బియ్యము ఎఱ్ఱగనో బూడిద వన్నెతోనో యుండును, ఇదియే ముడిబియ్యము. దానిని మరల దంచి చెరిగినకొలది గింజపై పొరయు, మొలకయు తవుడుగా రాలి బియ్యము తెలుపెక్కును. ఈ తెలుపు ఊరక వచ్చునది కాదు; అధికమైన శ్రమ ఫలము. ఆ శ్రమ స్త్రీలది. కలిగినవారి ఇండ్లలో అది కూలికి వచ్చిన స్త్రీలది. కావున పంక్తిలో వడ్డించిన తెల్లని అన్నము గృహస్థుని సంపదనే కాక, అతనికై పనిచేయు చేతుల సంఖ్యను కూడ చాటుచుండెడిది. రాలిన తవుడు పశువుల తొట్టికి పోయెను. బియ్యము కడిగిన నీరు కుడితిలో కలిసెను. వార్చిన గంజి కొన్ని ఇండ్లలో పేదలకు దక్కెను, కొన్నిట పారబోయబడెను. గింజలోని సారములో అధిక భాగము ఈ విధముగా యజమానిని విడిచి పశువులకు చేరెనని ఆ కాలమున ఎవ్వరికిని తెలియదు.

ఇక వ్యాధి సంగతి. మదరాసు ప్రభుత్వ వైద్యశాఖలోని జాన్ గ్రాంట్ మాల్కంసన్ బెరిబెరిపై వ్రాసిన గ్రంథము 1835లో మదరాసున అచ్చయినది. ఉత్తర సర్కారులలో ఈ వ్యాధి ప్రబలముగా నున్నట్లు అది తెలుపుచున్నది. పాదములు తిమ్మిరెక్కుట, కాళ్లు పట్టు తప్పుట, దేహము ఉబ్బుట, ఊపిరి ఆడకుండుట, తుదకు గుండె నిలిచిపోవుట దీని లక్షణములు. కారణము ఆయనకు తెలియదు. ఆనాటి వైద్యులు బెరిబెరి యని పిలిచిన ప్రతి రోగమును నేటి నిర్వచనమునకు సరిపోవునని చెప్పలేము. అయినను ఈ గ్రంథపు కాలము గమనింపదగినది. ధవళేశ్వరపు ఆనకట్ట నిర్మాణము 1847లో గాని ఆరంభము కాలేదు. ఆవిరి మరలు డెల్టా గ్రామములకు వచ్చుట అటు పిమ్మటి మాట. మరలు లేని నాడే ఈ వ్యాధి తెలుగు తీరమున నాటుకొని యుండినచో, దోషమునంతయు యంత్రముపై మోపుట న్యాయము కాదు.

కారణము తెలియుటకు మరి నూరేండ్లు పట్టెను. 1890 ప్రాంతముల జావాలో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లని బియ్యము తిన్న కోళ్లు పక్షవాతము వంటి వ్యాధికి లోనగుటను, తవుడు పెట్టగా కోలుకొనుటను గుర్తించెను. ఆ తవుడులోని పదార్థమును జాన్సెన్, డోనాత్ అనువారు 1926లో స్ఫటిక రూపమున వేరుచేసిరి. దానినే నేడు బి1 విటమిను, లేక థయామిను అందురు. దాని నిర్మాణమును నిర్ణయించి 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరున బాప్టిస్టు మిషనరీల ఇంట జన్మించినవాడు. బియ్యమునకు పేరుగన్న ఊరిలో పుట్టినవాడే బియ్యపు లోపమును పూరించు పదార్థమును లోకమున కొసగుట విశేషము.

మన దేశమున ఈ విచారణ 1918లో కూనూరున మెకారిసన్ నెలకొల్పిన బెరిబెరి పరిశోధన శాఖతో ఆరంభమైనది. 1924లో ఆయన నారిస్‌తో కలిసి బియ్యమునకును ఈ వ్యాధికిని గల సంబంధముపై ఒక గ్రంథము ప్రకటించెను. 1940లో ఎయ్‌క్రాయిడ్, ఆయన సహచరులు భారతదేశపు బియ్యపు సమస్యపై వేరొక గ్రంథము వెలువరించిరి. ఇచట ఒక ప్రశ్న తప్పక వచ్చును. తమిళులును బియ్యము తినువారే. వారి జిల్లాలలో విరివిగా కానరాని వ్యాధి తెలుగు సర్కారులలో నేల ప్రబలవలెను? దీనికి సమాధానము ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఉడికించి ఆరబెట్టినపుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి దిగును; తరువాత ఎంత తెల్లగా మరపట్టించినను చాలవరకు నిలిచియుండును. తమిళ జిల్లాలలో సామాన్యులకు ఇట్టి బియ్యమే వాడుక. మన సర్కారులలో పచ్చి బియ్యమే మిక్కిలి వాడుక. మడికి, నైవేద్యమునకు, తలంబ్రాలకు పచ్చి బియ్యమే పనికివచ్చునను నియమము తమిళులకు కూడ ఉన్నది. అచట అది పూజకును కొన్ని వర్ణములకును పరిమితము కాగా, ఇచట నిత్యభోజనమునకును ఆదర్శమైనది.

ఆనకట్టలతో వరిసాగు విస్తరించెను. 1852లో గోదావరిపై, 1855లో కృష్ణపై కట్టడములు పూర్తియైనవి. మెట్టపంటల అంబలి త్రాగిన కుటుంబములు క్రమముగ వరియన్నమునకు వచ్చినవి. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో మరలు వ్యాపింపగా, ఒకనాడు సంపన్నుని పంక్తిలోనే కనిపించిన తెలుపు కూలివాని కంచములోనికి దిగినది. కలిగినవాడు ఆ అన్నముతో పప్పు, పెరుగు, కూరలు తినును. కావున అందలి లోపము చాలవరకు పూడిపోవును. పేదవానికి అన్నమే భోజనము. దానికి తోడు ఇంత ఉప్పు, పచ్చిమిరపకాయ. అభిరుచి పైవారిది, వ్యాధి క్రిందివారిదాయెను. జొన్న, రాగి తినుచు మోటువారనిపించుకొన్న మెట్టసీమల ప్రజలు ఈ ఆపద నుండి తప్పించుకొనిరి.

అందరికంటె అధికముగా నష్టపోయినవారు తల్లులు, పసిబిడ్డలు. తల్లి దేహమున థయామిను తక్కువైనచో ఆమె పాలలోను తక్కువగును. పైకి పుష్టిగా కనిపించు రెండు మూడు నెలల శిశువు హఠాత్తుగా ఊపిరాడక మరణించుట ఈ వ్యాధి స్వభావము. మదరాసు రాష్ట్రపు బెరిబెరి ప్రాంతమున శిశుమరణములను గూర్చి ఎయ్‌క్రాయిడ్, కృష్ణన్ 1941లో ప్రత్యేకముగా వ్రాసిరి. ఇచట మన బాలింత పథ్యమును స్మరింపవలెను. పాత బియ్యపు అన్నము, కారము, కాయము మాత్రమే మేలని, పప్పులు, ఆకుకూరలు కూడవని పలు కుటుంబములలో ఆచారముండెను. తల్లిని రక్షింపవలెనను ప్రేమతోనే ఈ నియమము పుట్టినది. తెల్లని బియ్యముతో కలిసినపుడు అదియే ఆమెకును బిడ్డకును ముప్పుగా పరిణమించెను. ఇట్టి మరణములకు మన ఇండ్లలో బాలగ్రహమనియు, దృష్టిదోషమనియు పేరులుండెను.

1934లో స్థాపితమైన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము ద్వారా గాంధీమహాత్ముడు దంపుడు బియ్యమును ప్రోత్సహించెను. ఉపదేశము సరియైనదే. కాని రోకటిపోటును మరల ఎవరు వేయవలెనను ప్రశ్నకు అందు సులభమైన సమాధానము లేదు. దంపుళ్ల పాటల మాధుర్యమును మెచ్చుకొను మనము ఆ పాటల వెనుక నున్న భుజముల నొప్పిని మరువరాదు. మర స్త్రీలకు కొంత విశ్రాంతి నిచ్చినది. గింజను ఎంతవరకు తెల్లబరుపవలెనను నిర్ణయము మాత్రము యంత్రమునది కాదు, కొనువారిది.

ఆహారములో వైవిధ్యము పెరిగినకొలది బెరిబెరి మన నాట అరుదైనది. కూనూరి పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకొన్నది. ఆ వ్యాధి పోయినను అభిరుచి పోలేదు. 2025 ఉగాదినాడు తెలంగాణ ప్రభుత్వము చౌకదుకాణములలో సన్నబియ్యము నిచ్చుట ఆరంభించినది. కలిగినవారు తిను బియ్యమే తామును తినవలెనను పేదల కోరిక దీని వెనుక కలదు. ఆ కోరికను తప్పుపట్టుటకు మనకు అధికారము లేదు. సన్నదనము విత్తనపు గుణము, తెలుపు మరపట్టుటలోని గుణము. ఈ రెంటిని వేరుచేసి చూచినచో గౌరవమునకును ఆరోగ్యమునకును వైరము లేదు.

మన శాఖలలో దంపుళ్ల పాటలు, బాలింత పథ్యములు, ఆహార పదజాలము వేరువేరు శీర్షికల క్రింద సేకరింపబడుచున్నవి. వీనిని ఆసుపత్రుల నివేదికలతోను, జననమరణ లెక్కలతోను ప్రక్కప్రక్కన నుంచి చదువుట పరిశోధక విద్యార్థుల కర్తవ్యము. అట్లు చదివినపుడు ‘అన్నము’ అను చిన్న మాట వెనుక ఎందరు తల్లుల శోకము దాగియున్నదో మనకు తెలియగలదు.