పెన్ కిట్‌లో మెటల్ బదులు చెక్క.. ఏ పార్ట్ మార్చొచ్చు? దేన్ని ముట్టుకుంటే పెన్ను పోయినట్టే?

యూట్యూబ్‌లో పెన్ టర్నింగ్ వీడియోలు చూసేవాళ్లకు ‘స్లిమ్‌లైన్’ పేరు కొత్త కాదు. చెక్క పెన్ను చేయడం నేర్చుకునే వాళ్లలో చాలామంది మొదలుపెట్టేది ఈ కిట్‌తోనే. చిక్కేంటంటే.. టేకుతో చేసినా, వేపతో చేసినా చివరికి పెన్నులన్నీ ఒకేలా కనిపిస్తాయి. నడుం దగ్గర అదే బంగారు రంగు రింగు, పైన అదే మెటల్ టోపీ. అందుకే కాస్త చెయ్యి తిరిగాక ఆ ముక్కలు తీసేసి, సొంతంగా తిప్పిన చెక్క ముక్కలు పెట్టుకుంటున్నారు. చిన్న మార్పే. కానీ మార్చకూడని పార్ట్ మారిస్తే మాత్రం గంటల కష్టం చెత్తబుట్టలోకే.

అసలు కిట్‌లో ఏముంటాయి?

7 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టాలు రెండు, ముందు మొన, రీఫిల్‌ని లోపలికీ బయటికీ నడిపే ట్విస్ట్ మెకానిజం, మధ్యలో రింగు, క్లిప్, పైన క్యాప్, ఒక రీఫిల్. అంతే. చెక్కకు బెజ్జం వేసి గొట్టం అతికించాలి. లేత్ మీద తిప్పి నునుపు చేశాక మెటల్ పార్ట్‌లను వైస్‌లో పెట్టి నొక్కాలి. స్లిమ్‌లైన్ బాడీలో ఎక్కడా మరలు ఉండవు. అంతా బిగువు మీదే నిలబడుతుంది.

పెన్నును లేత్ మీద తిప్పడం మనవాళ్లకు కొత్తేం కాదు. గాంధీజీ స్వదేశీ పిలుపుతో 1932లో మొదలైన రాజమండ్రి రత్నం పెన్నులు ఎబొనైట్‌ని తిప్పి చేసినవే. ఇక అంకుడు కర్రను తిప్పుతూ, ఆ తిరుగుడు వేడికే లక్క పట్టించే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు దక్కింది. కిట్ పద్ధతి బయటి నుంచి వచ్చిందే కానీ, అందులో పనికొచ్చే చేతి నేర్పు ఇక్కడా ఉంది.

బలం పడే చోట మెటలే

ఏది మార్చొచ్చో తేల్చడానికి ఒకటే లెక్క. ఆ పార్ట్ మీద బలం పడుతుందా, లేక అది అందం కోసమే ఉందా? ట్విస్ట్ మెకానిజం జోలికి అస్సలు వెళ్లొద్దు. మొన కూడా అంతే. రాసేటప్పుడు రీఫిల్ అదురుతూ రాసుకునేది అక్కడే, అంత సన్నటి చోట చెక్క ఆగదు. వేరే రకం కిట్‌లలో మరలు ఉన్న పార్ట్‌లను కూడా వదిలేయడమే మంచిది. అంత సన్నటి మర చెక్కలో పొడిపొడిగా రాలిపోతుంది. మిగిలినవి రెండే.. మధ్య రింగు, పైన క్యాప్.

మధ్య రింగు: ముందు అతికించాలి, తర్వాతే తిప్పాలి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. గొట్టం బయటి కొలత 7 మిల్లీమీటర్లు. పెన్ను పూర్తయ్యాక ఆ చోట మొత్తం మందం దాదాపు 8.5 మిల్లీమీటర్లు. అంటే గొట్టం చుట్టూ మిగిలే చెక్క ఒక్క మిల్లీమీటర్ కూడా ఉండదు. అంత పల్చటి రింగును విడిగా తిప్పి, తెచ్చి గొట్టానికి తొడుగుదాం అనుకుంటే చేతిలోనే పగులుతుంది.

సరైన దారి వేరు. పై భాగం చెక్కను గొట్టంతో సహా లేత్‌కి ఎక్కించి, కింది అంచులో రింగు వెడల్పు మేర చెక్కను ఇత్తడి కనిపించే దాకా తీసేయాలి. గొట్టం చాలా పల్చన కాబట్టి ఉలి తగిలీ తగలనట్టు ఉండాలి. ఇప్పుడు వేరే రంగు చెక్క ముక్కకు అదే 7 ఎంఎం బిట్‌తో బెజ్జం వేసి, లావుగా ఉండగానే ఆ ఇత్తడి మీదికి తొడిగి అరల్డైట్‌తో అతికించాలి. పూర్తిగా ఆరాక మొత్తం కలిపి తిప్పితే రింగుకు గొట్టమే వెన్నుదన్ను. కిట్‌తో వచ్చిన మెటల్ రింగును పక్కన పడేయొచ్చు.

ఇంకో తిప్పలు ఉంది. మెటల్ రింగు లేకపోతే రెండు భాగాలూ నేరుగా ఆనుకుంటాయి. అంచు కాస్త వంకరున్నా సందు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఆ తప్పును కప్పింది ఆ రింగే మరి! పైగా తిప్పిన ప్రతిసారీ చెక్కా చెక్కా రాసుకుని కిర్రుమంటుంది. ఆనుకునే అంచులకు కొంచెం మైనం రుద్దితే సరి.

తెల్ల చెక్క పక్కన నల్ల చెక్క రింగు పెట్టేవాళ్లు ఉప్పు కాగితం పట్టేటప్పుడు జాగ్రత్త. నల్ల పొడి తెల్ల చెక్క రంధ్రాల్లోకి దూరి మసి పూసినట్టు అవుతుంది. రుద్దే ముందు తెల్ల చెక్కకు పల్చగా సీలర్ పట్టించాలి.

పైన క్యాప్: క్లిప్ గుర్తుందా?

క్యాప్ మార్చడం తేలికే, కానీ క్లిప్‌ను పట్టి ఉంచేది అదే. జేబుకు పెట్టి తీసిన ప్రతిసారీ క్లిప్ పక్కకి లాగుతుంది. చెక్కతోనే సన్నటి కాడ చేసి గొట్టంలో దించితే కొన్నాళ్లకు మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది. గొట్టం లోపలికి సరిగ్గా దిగే ఇత్తడి కడ్డీ ముక్కను చెక్క టోపీలో అతికించి, దాన్నే కాడగా వాడితే ఆ బాధ లేదు. కొలత కాలిపర్‌తోనే తీయాలి, కంటి అంచనా పనికిరాదు. టోపీ అతికించే ముందు క్లిప్ తొడగడం మాత్రం మర్చిపోవద్దు. వినడానికి నవ్వొస్తుంది కానీ, జిగురు ఆరాక గుర్తొస్తే ఏడుపే.

ఏ చెక్క మంచిది?

చింత చేవ, తుమ్మ, టేకు, పనస.. కార్ఖానాల్లో మిగిలే తునకలు చాలు. తడి ఆరని చెక్క మాత్రం వద్దు. వానాకాలంలో తిప్పిన పెన్ను మే నెలలో అంచుల దగ్గర బీటలిచ్చేది ఇందుకే. బెజ్జం వేశాక ముక్కను కొన్ని రోజులు వదిలేస్తే మంచిది. రుద్దేటప్పుడు వేడి చేతికి తెలిసిందంటే ఆపేయాలి, పల్చటి చెక్క వేడికీ పగులుతుంది. రోజ్‌వుడ్ లాంటి నూనె చెక్కలకు జిగురు పట్టదు, ముందు ఎసిటోన్‌తో తుడవాలి.

ఎర్రచందనంతో చేస్తే బాగుంటుంది కదా అనేవాళ్లు చాలామందే. ముక్క చిన్నదే కావచ్చు, కేసు చిన్నది కాదు. దాని అమ్మకానికీ, రవాణాకీ అటవీ శాఖ అనుమతులు కావాలి. అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం కింద కూడా ఆంక్షలున్నాయి. విదేశాల్లో ఉన్న బంధువులకు గిఫ్ట్‌గా పంపుదామనే ఆలోచన పెట్టుకోకపోవడమే మేలు.

పొడి విషయంలోనూ తేలిగ్గా తీసుకోవద్దు. మాస్క్, కళ్లద్దాలు తప్పనిసరి. మెరుపు కోసం ఫెవిక్విక్ రకం జిగురు పూసేవాళ్లు కిటికీలు తెరిచి పెట్టుకోవాలి, ఆ ఆవిరి కళ్లు మండిస్తుంది. లక్క అందంగా ఉంటుంది కానీ శానిటైజర్ రాసుకున్న చేత్తో పట్టుకుంటే కరుగుతుంది.

చివరి నొక్కు

ట్విస్ట్ మెకానిజం మీద లోతు తెలిపే గుర్తు ఉంటుంది. దానికి కాస్త ముందే ఆపి, రీఫిల్ పెట్టి తిప్పి చూసి, కొంచెం కొంచెంగా నొక్కాలి. ఎక్కువ దిగితే రీఫిల్ మొన లోపలికి వెళ్లదు, జేబు మీద ఇంకు మరకే. పొరపాటున దిగిపోతే లాగొద్దు. పట్టకారుతో లాగితే ముందు పగిలేది చెక్కే. అవతలి వైపు నుంచి సన్నటి కడ్డీ పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి బయటికి తేవాలి.