ఒంటె ముక్కులో కాపురం

‘ఆరోగ్యంగా ఉన్న ఒంటెల ముక్కుల్లో నివసించే బ్యాక్టీరియా’ అన్న మాటను పదం పదం విప్పి చూద్దాం. అయిదింటికీ మెలిక ఉంది.

ఒంటె అంటే ఇక్కడ ఒంటి మూపురపు ఒంటె. అరేబియాలోనూ, మన బికనీర్ వైపునా పెంచేది అదే.

ముక్కు అంటే పైకి కనిపించే రంధ్రాలు మాత్రమే కాదు. వాటిని ఇసుకగాలికి ఒంటె మూసుకోగలదు. లోపల చుట్టలు చుట్టిన పలుచని ఎముకలు, వాటి మీద తడిపొర. నీళ్లు దొరకని ఒంటెలో ఈ పొర రాత్రివేళ చల్లబడి, బయటికి పోయే ఊపిరిలోని తేమను పట్టేస్తుంది. అంటే అక్కడి సూక్ష్మజీవి ఒకసారి తడినీ ఒకసారి పొడితనాన్నీ ఓర్చుకోవాలి. ఇంకొక మాట: నమూనా తీసే దూదిపుల్ల సాధారణంగా ముందుభాగాన్నే తాకుతుంది. కాబట్టి ‘ముక్కులో దొరికాయి’ అంటే ‘పుల్ల తగిలినచోట దొరికాయి’ అనే అర్థం.

నివసించడం వేరు, వచ్చిపోవడం వేరు. ఇసుకతోపాటు లోపలికి వెళ్లిన బాసిల్లస్ అనే బ్యాక్టీరియా బీజాలూ ల్యాబులో సూక్ష్మజీవులను పెంచే పళ్లెంలో మొలుస్తాయి. ఒక్క నమూనాతో కాపురమో మజిలీయో తేలదు. కొన్నాళ్లు ఆగి మళ్లీ తీయాలి. నివసించడం ఇన్‌ఫెక్షన్ కూడా కాదు. ఇన్‌ఫెక్షన్ అంటే కణజాలంలోకి చొరబడటం.

బ్యాక్టీరియా అంటే వైరస్ కాదు. 2012లో సౌదీ అరేబియాలో బయటపడిన మెర్స్ వైరస్ ఒంటె ముక్కులోనూ దొరుకుతుంది గనుక ఈ రెంటినీ కలిపేయడం మామూలైపోయింది. ఇక్కడ మన లెక్కలోకి వచ్చేవి స్టాఫిలోకాకస్ వంటివి. వాటిలో ఏది ఏ రకమో పోల్చుకోవడానికి గొట్టంలో కుందేలు ప్లాస్మాలో కాలనీని కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. గొట్టం వంచినా ద్రవం జారకుండా జెల్లీలా నిలిస్తే, ప్లాస్మాను గడ్డకట్టించే కోయాగ్యులేజ్ అనే ఎంజైము ఉన్నట్టు. అయితే గడ్డ కట్టించిన ప్రతిదీ స్టాఫిలోకాకస్ ఆరియస్ కాదు. అదే గుణం మరికొన్ని జాతులకూ ఉంది. ఇక్కడే చాలామంది తొందరపడతారు.

చివరిది, అన్నిటికన్నా జారుడు మాట: ఆరోగ్యం. దగ్గు లేదు, చీమిడి లేదు, మేత తింటోంది, నెమరు వేస్తోంది. మరి జ్వరం? దాహంతో ఉన్న ఒంటె ఒంటి వేడి ఒకే రోజులో దాదాపు 34 నుంచి 40 డిగ్రీల దాకా మారుతుంది. అంటే మధ్యాహ్నపు 40 డిగ్రీలను చూసి జ్వరమని తేల్చలేం. ఆరోగ్యమంటే క్రిములు లేకపోవడం కాదు, జబ్బు లక్షణాలు కనబడకపోవడం.

కనుక లక్షణాలేవీ లేని ఒంటెకు, స్టాఫిలోకాకస్ పెరిగిందన్న ఒక్క రిపోర్టు చూసి, యాంటీబయాటిక్ పొడవకండి.