ప్రేక్షకుని తీర్పు: అనంతపురపు తోలుబొమ్మల తెర నుండి లఘుచిత్రోత్సవము వరకు

కళాప్రదర్శనమునకు బహుమానము నిర్ణయింపవలసినవారెవరు? శాస్త్రజ్ఞులైన కొలదిమందియా, ప్రదర్శనమును చూచిన జనసామాన్యమా? ఈ ప్రశ్న మిగుల ప్రాచీనమైనది. లఘుచిత్రోత్సవములు దానిని మరల మన ముందుంచినవి. 1998వ సంవత్సరమున న్యూయార్కు నగరమందలి మల్బెరీ వీథిలో నిక్ మేసన్ అను ఆస్ట్రేలియా దేశీయుడు ఒక లారీ ప్రక్కకు తెర కట్టి పదునారు లఘుచిత్రములను ప్రదర్శించెను. మాన్‌హాటన్ లఘుచిత్రోత్సవమునకు అదియే నాంది. అది క్రమముగా పలు ఖండములకు విస్తరించినది. నిర్వాహకులు పది చిత్రములను ఏరి, ఇంచుమించు ఒక్క వారము దినములలో వివిధ దేశముల ప్రదర్శనశాలలయందు చూపుదురు. ప్రేక్షకుని చేతికి ఒక చీటి నిత్తురు. చిత్రములన్నియు ముగిసిన పిమ్మట అతడు తనకు నచ్చినదానిని గుర్తించి యిచ్చును. ఆ చీటీల లెక్కయే విజేతను నిర్ణయించును.

వీథిలో తెర, తెర ముందు జనము, జనము చేతిలో తీర్పు. ఈ దృశ్యము అనంతపుర ప్రాంతమువారికి క్రొత్తది కాదు. తోలుబొమ్మలాటను, బళ్లారి నాటకమును, టూరింగ్ టాకీసును వరుసగా ఆదరించిన నేల యిది. ప్రేక్షకుని తీర్పునకు మన గడ్డమీద గల చరిత్రను స్థూలముగా పరిశీలించి, ఆ తీర్పు ఎట్టి నియమములకు లోబడినపుడు విశ్వసనీయమగునో తెలిసికొనుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా శాస్త్రమును స్మరింపవలసియున్నది. భరతముని నాట్యశాస్త్రమున ప్రదర్శనము సఫలమైనదని యెరుగు గుర్తులను వివరించుచు, సిద్ధిని మానుషియనియు దైవికియనియు రెండు విధములుగా విభజించెను. ప్రేక్షకుల చిరునవ్వు, అట్టహాసము, మెచ్చుమాట, పులకరింత, వస్త్రములను ఉంగరములను విసరి యిచ్చుట మొదలగునవి మానుషీసిద్ధికి చిహ్నములు. రంగము నిండుగా నుండి, ఏ శబ్దమును ఏ క్షోభయు లేక ప్రదర్శనము సాగినచో అది దైవికీసిద్ధి. నటులలో స్పర్ధ కలిగినపుడు తీర్పు చెప్పుటకు యాజ్ఞికుడు, నర్తకుడు, ఛందోవేత్త, వైయాకరణి మొదలుగా వివిధ విద్యలయందు నిపుణులైన ప్రాశ్నికులు ఉండవలెననియు, గుణదోషములను లెక్కించువారును వ్రాయువారును వారికి తోడ్పడవలెననియు, గెలిచినవారికి పతాక నొసగవలెననియు విధించెను. పడుచువారికి శృంగారము, శూరులకు యుద్ధము, వృద్ధులకు పురాణకథ రుచించుననియు నాతడే చెప్పెను. కావున ప్రేక్షకులందరు ఏకరుచి గలవారు కారని మన శాస్త్రకారులు ఎరుగుదురు. నిపుణుల తీర్పును, జనుల మెప్పును వారు వేరువేరుగా గుర్తించిరి. నిశ్శబ్దముగా చూచుచున్న నిండుసభను చప్పట్లకంటె పైమెట్టున నిలుపుట ఇచ్చట మిక్కిలి గమనింపదగిన విశేషము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనములును, తూర్పు తీరమునకు దూరముగా నుండుటచే ఈశాన్య ఋతుపవనములును అనంతపుర పీఠభూమిపై పూర్తిగా ప్రసరింపవు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే యిచ్చటి భాగ్యము. ఇట్టి నేలపై కళ కేవల వినోదముగా నుండలేదు. వానలు కురియనపుడు విరాటపర్వమును చదివించుట తెలుగునాట ప్రసిద్ధమైన ఆచారము. తోలుబొమ్మలవారిచేత ఆ కథనే ఆడించుటయు కలదు. ఊరిబయట తెర కట్టి, వెనుక దీపము లుంచి, మేకతోలుతో చేసిన బొమ్మలను తెల్లవారుజాము వరకు ఆడింతురు. ఇంట మరాఠీ మాటలాడుకొను ఈ కళాకారుల కుటుంబములు తెలుగు పద్యమును తమ సొత్తుగా చేసికొన్నవి. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంట గ్రామము ఈ కళకు నిలయము. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఈ గ్రామము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఆ గ్రామవాసియైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము లభించినది.

తోలుబొమ్మలాటలో ప్రేక్షకుని తీర్పు ఏ రూపమున నుండెను? మెచ్చినవాడు ధాన్యమో రొక్కమో ఇచ్చును. ఆటగాడు దాత పేరును సభలో చాటి దీవించును. జుట్టుపోలిగాడు, బంగారక్క మొదలగు హాస్యపాత్రలకు కలుగు నవ్వును బట్టి ఆటగాడు ఆ ఘట్టమును పెంచును లేదా తగ్గించును. ఈ తీర్పు వెనువెంటనే కళాకారుని చేరుచున్నది. అయితే అందొక లోపము కలదు. ఇచ్చుకొనగలవాని మెప్పు మాత్రమే సభలో వినబడును. పంట ఎండి చేతిలో గింజ లేనివాడు తెల్లవార్లు కూర్చుండి కంట తడిపెట్టినను, అతని మెప్పునకు లెక్క లేదు.

ఇట్టి లోపమే మరియొక రూపమున బళ్లారి రంగస్థలమున కనబడును. 1882వ సంవత్సరమున ప్రత్యేక జిల్లా యగువరకు అనంతపురము బళ్లారి జిల్లాలో భాగమై యుండెను. కావున బళ్లారి నాటకచరిత్ర మన చరిత్రయే. ధర్మవరము రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను, కోలాచలము శ్రీనివాసరావు సుమనోరమ సభను ఆ పట్టణమున నడపిరి. ఒకే పట్టణమున రెండు సమాజములు పోటీపడి నాటకము లాడుటచే ప్రేక్షకుడు రెంటిని పోల్చి చూచు అవకాశమును పొందెను. రసజ్ఞత పెరుగుటకు పోల్చి చూచుటకంటె మంచి సాధనము లేదు.

ఆ కాలపు ప్రేక్షకుని ఓటు ‘వన్స్‌మోర్’ అను కేక. పద్యమును రాగము తీసి పాడిన నటుని జనము కేకలతో ఆపి, మరల పాడించెడివారు. మరణించిన పాత్ర లేచి పద్యము పాడి మరల మరణించినదను పరిహాసోక్తి మన రంగస్థలమున ప్రచారమున కలదు. ఈ కేక నాటకమున ఒక భాగమునకు మాత్రమే పడిన ఓటు. సమగ్రమైన నాటకమునకు పడినది కాదు. అంతేకాక, అది గొంతు గలవాని ఓటు. పదిమంది కేకలు వేసినచో, మిగిలిన నాలుగువందల మంది మౌనము అంగీకారముగా పరిగణింపబడెడిది. భరతుడు అగ్రస్థానమున నిలిపిన నిశ్శబ్దమును లెక్కించు సాధనము ఆనాటి సభయందు లేకపోయెను.

ఈ తీర్పునకు తలయొగ్గని నటుడు మన జిల్లాయందే జన్మించెను. 1880వ సంవత్సరమున తాడిపత్రిలో జన్మించిన బళ్లారి రాఘవ, వృత్తిచే న్యాయవాది, ధర్మవరము రామకృష్ణమాచార్యులకు మేనల్లుడు. రాగాలాపనమునకంటె భావప్రకటనము ముఖ్యమని ఆయన విశ్వసించెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టెను. ఈ రెండును ఆనాటి ప్రేక్షకుల అలవాటునకు విరుద్ధములు. ఆ దినములలో చీటీలు పంచి ఓట్లు లెక్కించియున్నచో, ఈ సంస్కరణములు మొదటి రాత్రియే ఓడిపోయి యుండునని ఊహింపవచ్చును. అయినను జనము ఆయనను విడువలేదు. కాలక్రమమున ఆయన వైపునకే వచ్చినది. 1946లో మరణించునాటికి రాఘవ తెలుగువారి మహానటుడు. దీనివలన తేలునదేమన, ప్రేక్షకుని తీర్పు స్థిరమైనది కాదు; ఉత్తమకళ తన ప్రేక్షకుని తానే తయారు చేసికొనును. ఒక్క రాత్రి ఓటును తుదితీర్పుగా గ్రహించుట ప్రమాదకరము.

రాఘవ జీవితమున ఓటునకు సంబంధించిన మరియొక ఘట్టము కలదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మము దర్శకత్వమున వెలువడిన ‘రైతుబిడ్డ’ చిత్రమున ఆయన ప్రధానపాత్రను ధరించెను. జమీందారు పక్షమునకు ఓటు వేయ నిరాకరించి బాధలకు గురియగు రైతు కథ అది. ఆ చిత్రము జమీందారుల ఆగ్రహమునకు పాత్రమై నిషేధమునకు గురియైనది. ప్రేక్షకుడు తీర్పు చెప్పుటకు ముందు ప్రదర్శనము అతని కంటబడవలెను గదా! తెరమీదికి ఏది రావలెనో నిర్ణయించువాడే మొదటి ఓటు వేయుచున్నాడు. మాన్‌హాటన్ ఉత్సవమున పది చిత్రముల నేరునది నిర్వాహకులే యను విషయమును ఇచ్చట జ్ఞప్తియందుంచుకొనవలెను.

చలనచిత్రోత్సవముల చరిత్రలో ప్రేక్షకుల ఓటునకు ముఖ్యమైన నిదర్శనము బెర్లిను నగరము. 1951లో ఆరంభమైన ఆ ఉత్సవమున 1952 మొదలు 1955 వరకు స్వర్ణభల్లూక బహుమతిని ప్రేక్షకులే నిర్ణయించిరి. 1956 నుండి అంతర్జాతీయ న్యాయనిర్ణేతల మండలి ఆ పనిని చేపట్టినది. సామాన్యజనుల ఎన్నిక అల్పమైనదని శంకించువారు 1953వ సంవత్సరమును పరిశీలింపవలెను. ఆ యేడు బెర్లిను ప్రేక్షకులు ఎన్నుకొన్న క్లూజో చిత్రము ‘వేజెస్ ఆఫ్ ఫియర్’ కాన్ ఉత్సవమున న్యాయనిర్ణేతలచేతను అత్యున్నత బహుమతి నందినది. మన దేశమునను ఇట్టిదే జరిగినది. 1954లో ఆరంభమైన ఫిలింఫేర్ బహుమతులను మొదట నిర్ణయించినవి పాఠకుల ఓట్లే. వారు ఉత్తమచిత్రముగా ఎన్నుకొన్నది బిమల్ రాయ్ తీసిన ‘దో బీఘా జమీన్’. అప్పుపాలై, రెండు బిఘాల నేలను నిలుపుకొనుటకు కలకత్తా చేరి రిక్షా లాగిన రైతు కథ అది. వాన లేక ఊరు విడిచి బెంగుళూరు దారి పట్టు రైతులను చూచిన అనంతపురవాసికి ఆ కథను విడమరచి చెప్పనక్కరలేదు. జనమునకు పాటలును యుద్ధములును మాత్రమే కావలెనను అపవాదమునకు ఈ ఎన్నిక తగిన సమాధానము.

మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవము 1952 జనవరిలో బొంబాయిలో ఆరంభమైనది. తాడిపత్రి ప్రాంతీయుడైన కె.వి. రెడ్డి దర్శకత్వమున 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’ దానియందు ప్రదర్శింపబడినది. ఆ ఉత్సవమున పోటీ లేదు, బహుమతులు లేవు. కాని ఊరూర టిక్కెట్టు కొని ఆ చిత్రమును చూచిన జనుల తీర్పు అంతకుముందే వెలువడియుండెను. టిక్కెట్టును ఒక ఓటుగా భావించుట కలదు. అయితే అది చిత్రమును చూడకముందు వేసిన ఓటు. ఇతర చిత్రములతో పోల్చి వేసినదియు కాదు. పైగా ఈ ఓటు నిర్దయమైనది. జనము సినిమావైపు మరలినపుడు తోలుబొమ్మల తెర చిన్నబోయినది. నిమ్మలకుంట కళాకారులు అదే తోలుతో దీపపు గొట్టములను చేసి అమ్ముకొని జీవించు స్థితి వచ్చినది. సభకు రానివాడును ఒక తీర్పు చెప్పుచున్నాడని దీనివలన గ్రహింపవలెను.

ఈ చరిత్రను సమన్వయించినచో, చీటీతో ఓటు వేయు లఘుచిత్రోత్సవము పూర్వపద్ధతుల లోపములను కొంతవరకు సవరించినదని చెప్పవచ్చును. మొదటిది, లఘుచిత్రములు చిన్నవగుటచే ప్రేక్షకుడు పోటీలోని చిత్రములన్నిటిని ఒక్క కూర్పున చూడగలడు. అన్నిటిని చూచినవానికే పోల్చు అధికారము గలదు. నిడివిగల చిత్రముల ఉత్సవములలో ఇది దుర్లభము. రెండవది, చదివింపునకు ధనము కావలెను, వన్స్‌మోర్‌కు గొంతు కావలెను. చీటికి రెండును అక్కరలేదు. మౌనముగా చూచినవానికిని కేకలు వేసినవానికిని అది సమానమైన విలువ నిచ్చును. భరతుని దైవికీసిద్ధిని అంకెలలోనికి దింపు ప్రయత్నమే యిది. మూడవది, చిత్రము ముగిసిన పిమ్మట వేయు ఓటగుటచే ప్రకటనల ప్రభావము తగ్గును.

అయితే ఈ గుణములు నియమపాలనముపై ఆధారపడియున్నవి. చిత్రనిర్మాత బంధుమిత్రులు తమ చిత్రమును మాత్రము చూచి ఓటువేసి వెడలిపోయినను, చిత్రము చూడనివారు ఇంట కూర్చుండి ఫోనుద్వారా ఓట్లు కుమ్మరించినను, అది పాత వన్స్‌మోర్ కేకయే యగును. నిపుణుల మండలిని పూర్తిగా తొలగించుటయు ఉచితము కాదు. తొలిరాత్రి ఓడిపోవు రాఘవవంటి వానిని గుర్తించుటకు ప్రాశ్నికుల కన్ను అవసరము. రెండు బహుమానములను వేరువేరుగా ఉంచి, రెంటి ఫలితములను ప్రకటించినచో, వాని సామ్యభేదములే మనకు పాఠము చెప్పును.

తుదకు ఒక్క మాట. సెల్‌ఫోను చేతనున్న యువకులు కరవుసీమ జీవితమును లఘుచిత్రములుగా తీయుట ఇపుడు సాధ్యమైనది. ఎండిన బావి, వేరుసెనగ చేను, తాళము వేసిన యిల్లు వారి తెరపై కనబడుచున్నవి. ఈ చిత్రములకు తీర్పు చెప్పువారు నగరములలోని సభ్యులు మాత్రమే యైనచో, ఎవరి కథ తెరకెక్కినదో వారికి ఓటు లేకుండపోవును. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు బళ్లారి మైసూరులో చేరి, రెండు సభల పోటీని చూచి పెరిగిన ప్రేక్షకలోకము సరిహద్దునకు ఇరువైపుల చీలినది. నేటి వలసలు మిగిలిన ప్రేక్షకుని గూడ ఊరినుండి దూరము చేయుచున్నవి. ఉన్నవారి చెంతకైనను తెరను తీసికొనిపోవుట మన కర్తవ్యము. తోలుబొమ్మలాడిన ఊరిబయలునందే లఘుచిత్రములను ప్రదర్శించి, రైతు చేతికి, కూలి చేతికి ఒక్కొక్క చీటి నిచ్చి, అక్షరము రానివారికి గింజలతో ఓటువేయు ఏర్పాటు చేసిననాడు, ఒకప్పుడు గింజ లేక మెప్పు తెలుపలేకపోయినవానికి ఆ గింజయే ఓటగును. మన విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలు ఇందుకు పూనుకొనునుగాక.