గోల్కొండ గైడు, ఇద్దరు తానీషాలు

టూరిస్టు గైడు పాత్రను సమాజశాస్త్ర దృష్టితో విశ్లేషించిన తొలి రచనల్లో ఎరిక్ కోహెన్ 1985 వ్యాసం ముఖ్యమైనది. దారి చూపేవాడు, తెలియజెప్పే గురువు అనే రెండు పాత పాత్రల నుంచి నేటి గైడు పుట్టాడని ఆయన ప్రతిపాదన. అంతకు రెండేళ్ల ముందు ఆర్లీ హోక్‌షీల్డ్ విమాన పరిచారికలను గమనించి, జీతం కోసం భావాలను పలికించడం కూడా శ్రమేనని నిరూపించింది. గోల్కొండ కోటకు ఈ రెండూ కొంతవరకే సరిపోతాయి. అక్కడ గైడును మలిచేది అతని చిరునవ్వు కన్నా అతను చెప్పే కథ.

రామదాసు బందిఖానా దగ్గర ఇది తేటతెల్లమవుతుంది. రామదాసుగా పేరొందిన పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడనీ, గోల్కొండ సుల్తాను తానీషా అతన్ని చెరలో పెట్టాడనీ, చివరకు రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారనీ తెలుగు సందర్శకులకు ముందే తెలుసు. 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ సినిమా చూసినవాళ్లకైతే చెప్పనే అక్కర్లేదు. గైడు అక్కడ కొత్త సంగతి చెప్పడు. వాళ్ల నమ్మకానికి గోడలు చూపిస్తాడు. ఈ కథలో తానీషా చెరసాల యజమాని.

ఆ పర్యటనలోనే 1687 ముట్టడి కథా వస్తుంది. ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు కోటను చుట్టుముట్టడం, లోపలివాడే ద్రోహం చేసి తలుపు తీయడం, తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో పోరాడడం. ఇప్పుడు తానీషా దౌలతాబాదులో బందీగా మిగిలిన ఆఖరి సుల్తాను. శ్రోతల జాలి అటు తిరుగుతుంది, తిప్పేది గైడే.

దీన్ని నటన అని కొట్టిపారేయలేం. రోజూ చెప్పే మాట చెప్పేవాణ్ణి కూడా పట్టుకుంటుంది. పైగా, అతని పేరు వినగానే మతం అంచనా వేసి, ఏ కథ మనసుపెట్టి చెబుతాడో ముందే తేల్చేసుకునే శ్రోతలుంటారు. ఆ అంచనాను తప్పని చూపించాలన్న పట్టుదలే కొందరిలో శ్రోతలు ఊహించని కథను బాగా చెప్పే నేర్పు అవుతుందని నా ఊహ.

కోహెన్ చెప్పిన గురుస్థానం నిలకడైనది కాదు. కోట గేటు దగ్గర గైడు బేరమాడే నలుగురిలో ఒకడు. లోపలికెళ్లిన పది నిమిషాలకు పెద్దమనిషి. బయటికొచ్చి డబ్బులు తీసుకునేటప్పుడు మళ్లీ మొదటికే. రోజులో పలుమార్లు ఇలా ఎక్కిదిగే హోదాను, అందులోని చిన్నతనాన్ని, ‘ఆతిథ్యం’ అనే మాట కప్పేస్తుంది. మన పర్యాటక రచనలు ఆ మాటను మరీ ఉదారంగా వాడుతున్నాయి.

శిక్షణలో తేదీలు, మర్యాదలు నేర్పవచ్చు. బందిఖానా ముందు ఒక పిల్లవాడు “నిజంగా రాముడొచ్చాడా అంకుల్?” అని అడిగితే జవాబు అతనే వెతుక్కోవాలి. తల్లిదండ్రులు పక్కనే ఉంటారు, డబ్బులింకా చేతికి రాలేదు. గోపన్న ఉద్యోగం, గుడి, తానీషా పాలన చరిత్ర అని చెప్పి, అప్పు తీర్చిన ఘట్టాన్ని భక్తులు చెప్పుకునే కథగా వేరుచేయవచ్చు. లేదా అవునని తలూపి ముందుకు నడవవచ్చు. తాను చరిత్ర చెప్పేవాడా, కథకుడా అన్నది అతను అప్పటికప్పుడు, మరో గుంపు వెనక నుంచి తోసుకొస్తుండగా తేల్చుకుంటాడు.