డాల్ఫిన్ కారు, బోరు నీళ్ళు



మాది కోయంబత్తూరు. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాత నాయకరాజుల కాలంలోనూ దక్షిణానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో పిల్లలకు రెండు భాషల్లోనూ పాఠాలు చెప్పుకునే వృత్తి నాది. యంత్రాల గురించి మాట్లాడే అర్హత నీకేముంది అని మీరు అడగవచ్చు. మా ఊళ్ళో పుట్టిన పిల్లలకు ఫౌండ్రీ పొగ, లేతు యంత్రం చప్పుడు ఉగ్గుపాలతో పాటే అలవాటవుతాయి. ఈ రోజు ఒక పాత కారు కథా, దాని ఇంజనుకు పట్టిన రోగం కథా చెబుతాను. అందులో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది.

మా ఊరి యంత్రవిద్య గురించి మాట్లాడేటప్పుడు జి.డి. నాయుడు గారిని తలుచుకోకుండా మొదలుపెట్టలేం. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. చదువు మీద ఆసక్తి లేదు. యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఇంగ్లీషు అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలును చూసి ముచ్చటపడ్డారు. హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొన్నారు. కొన్నాక ఆయన చేసిన మొదటి పని దాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ బిగించడం. 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టారు. 1974లో ఆయన కన్నుమూసేనాటికి కోయంబత్తూరు యంత్రాల ఊరుగా పేరు తెచ్చుకుంది. చెడిపోయిన వస్తువును పారేయకుండా, ఎందుకు చెడిపోయిందో విప్పి చూడాలి. ఆయన దగ్గర నుంచి మా ఊరు నేర్చుకున్నది అదే.

ఇలాంటి ఊళ్ళో కార్ల పందేలంటే పిచ్చి ఉండడంలో వింతేముంది? అప్పట్లో పందేలు చూడాలంటే మద్రాసు దగ్గర షోలవరం వెళ్ళేవాళ్ళు. రెండో ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారు అక్కడ పందేలు నడిపించేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టై దగ్గర కొత్త ట్రాక్ వచ్చేదాకా దక్షిణాది పందేలకు షోలవరమే పెద్ద వేదిక. అక్కడ పరుగెత్తినవి ఎక్కువగా మన రోడ్ల మీద తిరిగే ఫియట్లూ, హెరాల్డులూ. వాటి ఇంజన్లు విప్పి, అరగదీసి, మెరుగుపెట్టి పందేనికి తయారు చేసేవారు.

1982లో వీటి మధ్యకు బెంగుళూరు నుంచి ఒక బుల్లి కారు వచ్చింది. పేరు సిపానీ డాల్ఫిన్. ఇంగ్లండులో రిలయంట్ కంపెనీ చేసిన కిట్టెన్ అనే కారుకు ఇది భారతీయ రూపం. రెండే తలుపులు. పైతొడుగంతా ఫైబర్‌గ్లాసు. ఇంజను 848 సీసీ, నాలుగు సిలిండర్లు. మామూలు కుటుంబాలు దీన్ని పెద్దగా మెచ్చుకోలేదు. ప్లాస్టిక్ కారు అని వెక్కిరించారు. కానీ కారు తేలిక కాబట్టి చిన్న ఇంజనే దాన్ని ఈడ్చుకుపోయేది. అందుకే ర్యాలీల్లోనూ, షోలవరంలోనూ దానికి గొప్ప పేరు వచ్చింది.

ఆ ఇంజనులో ఒక ప్రత్యేకత ఉంది. అంబాసిడర్ ఇంజను బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమువే. ఈ రిలయంట్ ఇంజనుకు రెండూ అల్యూమినియం. పిస్టన్లు ఆడే గొట్టాలు, అంటే లైనర్లు మాత్రం ఇనుమువి. వాటి చుట్టూ నీళ్ళు నేరుగా తగులుతూ ఉంటాయి. నా కథకు ఈ సంగతే కీలకం.

మా మామయ్య 1988లో ఒక పాత డాల్ఫిన్ కొన్నారు. అంతకుముందు అది ర్యాలీల్లో తిరిగిన బండి. ఆదివారం వస్తే చాలు, బానెట్ ఎత్తి దాని ముందు నిలబడేవారు. నేను పక్కన స్పానర్లు అందించేవాణ్ణి. “బండి చెప్తా ఉండాది, నువ్వు నోరు మూసుకుని వినురా” అనేవారు. వినడంలో ఆయనకు ఒక వరస ఉండేది. ముందు కరెంటు, తరువాత పెట్రోలు, ఆ తరువాత గాలి, చివరికి కంప్రెషన్. ఆ వరస తప్పకూడదు. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. రెండు కలిపి మారిస్తే ఏది బాగు చేసిందో తెలియదు కదా.

ఇంజను తడబడుతూ ఉంటే, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క ప్లగ్గు వైరునూ రబ్బరు పిడి ఉన్న పటకారుతో తీసి చూసేవారు. వైరు తీసినప్పుడు శబ్దం మారితే ఆ సిలిండరు పని చేస్తున్నట్టు. మారకపోతే అదే సోమరి. తరువాత ప్లగ్గు విప్పి రంగు చూడాలి. లేత గోధుమరంగు ఆరోగ్యం. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ. తడి నల్లదనం ఉంటే లోపలికి ఆయిలు వస్తోంది. తెల్లబారితే పెట్రోలు చాలడం లేదు, లేదా వేడి మితిమీరింది. మిగతా మూడూ గోధుమరంగులో ఉండి ఒకటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉంటే సంతోషించకండి. అక్కడికి నీళ్ళు వస్తున్నాయన్నమాట. అందరికన్నా ముందు భయపడవలసిన ప్లగ్గు అదే.

1991 వేసవిలో మా డాల్ఫిన్‌లో ఆ ప్లగ్గే కనబడింది. మూడో సిలిండరుది. కొండదారి ఎక్కితే చాలు వేడి ముల్లు ఎర్రగీత దాటేది. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు చేస్తే రేడియేటర్‌లో బుడగలు వచ్చేవి. (శ్రోతలు ఒక మాట గుర్తుంచుకోవాలి. వేడి మీద ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎన్నడూ తీయవద్దు.) కంప్రెషన్ చూస్తే రెండో సిలిండరులోనూ, మూడో సిలిండరులోనూ తక్కువ. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేసారి బలహీనపడితే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందని అనుమానించాలి.

బండిని ఒక వర్క్‌షాపులో ఇచ్చారు. గాస్కెట్ మార్చారు. నెల తిరక్కుండా మళ్ళీ పోయింది. మళ్ళీ మార్చారు. ఈసారి మూడు వారాలు. మూడోసారి కూడా పోయేసరికి వర్క్‌షాపు యజమాని, బోల్టులు బిగించిన కుర్రాడి మీద పడ్డాడు. పదహారేళ్ళుంటాయేమో ఆ అబ్బాయికి. వరస తప్పి బిగించాడన్నారు. “లేదన్నా, నడుమ నుంచి బయటికే బిగించినా” అని అతను ఏడుస్తూ చెప్పాడు. ఎవరూ వినలేదు. మా మామయ్య కూడా వినలేదు. ఇంజను మాట అంత శ్రద్ధగా వినే మనిషి, మనిషి మాట వినలేకపోయారు. ఆ సాయంత్రమే కుర్రాణ్ణి పనిలోంచి తీసేశారు.

చివరికి బండిని ఇంకొక ముసలి మేస్త్రీ దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆయన హెడ్డు విప్పాక కొత్త గాస్కెట్ అడగలేదు. పాతదాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. రెండు, మూడు రంధ్రాల చుట్టూ నొక్కుడు ముద్ర సరిగ్గా పడలేదు. తరువాత ఇనుప పట్టీ లైనర్ల మీద ఆనించి, కింద ఫీలర్ గేజి దూర్చి చూశారు. ఇలాంటి ఇంజన్లలో లైనర్లు బ్లాకు కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి. అప్పుడే గాస్కెట్ గట్టిగా నొక్కుకుంటుంది. మూడో లైనరు మిగతావాటి కన్నా కిందికి దిగిపోయి ఉంది. ఎంత సరిగ్గా బిగించినా అక్కడ గాస్కెట్ నిలవదు.

“హెడ్డు తీసినాక ఎవురో లైనర్లను బిగించి పెట్టకుండా క్రాంకు తిప్పినారు. లైనరు లేచింది. అడుగున చెత్త పడింది. కూర్చునేటప్పుడు వంకరగా కూర్చుంది” అన్నారు మేస్త్రీ. అది ఆ కుర్రాడు పనిలో చేరకముందు, మరెప్పుడో జరిగిన పొరపాటు. తరువాత ఆయన నా వైపు తిరిగి, “దీంట్లో ఏ నీళ్ళు పోస్తుండారు?” అని అడిగారు.

పోసేది నేనే. ఇంటి వెనక బోరింగు పంపు కొట్టి బిందెతో తెచ్చి పోసేవాణ్ణి. మా ఊరి సిరువాణి నీళ్ళ తియ్యదనం లోకప్రసిద్ధం. కానీ అవి తాగడానికి. బండికి బోరు నీళ్ళు చాలనుకున్నాం. ఉప్పుతో నిండిన ఆ నీళ్ళు ఒక పక్క ఇనుమునూ, ఇంకో పక్క అల్యూమినియాన్నీ తాకుతూ ఉంటే, అది బ్యాటరీలాగా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. హెడ్డులో నీళ్ళ రంధ్రాల అంచులు చీమలు కొరికిన బెల్లంలా ఉన్నాయి. లైనర్ల అడుగున పేరుకున్నది కూడా ఆ తెల్లటి మడ్డే.

ఇక్కడే చరిత్ర అడ్డం వస్తుంది. ఇంగ్లండులో చలికాలం నీళ్ళు గడ్డకట్టి ఇంజను పగిలిపోతుంది. అందుకని అక్కడివారు రేడియేటర్‌లో యాంటీఫ్రీజ్ ద్రవం కలుపుతారు. లోహాన్ని తుప్పు నుంచి కాపాడే మందు కూడా ఆ ద్రవంలోనే ఉంటుంది. మంచుకు భయపడి పోసినది, తమకు తెలియకుండానే అల్యూమినియాన్ని కాపాడుతూ వచ్చింది. ఇంజను మన దేశానికి వచ్చింది. మంచు లేదు కాబట్టి ఆ ద్రవం ఎందుకని మనం మానేశాం. ఇనుప అంబాసిడర్లు ఉత్త నీళ్ళతో ఏళ్ళ తరబడి నడిచాయి. ఆ అనుభవంతోనే డాల్ఫిన్‌ను చూశాం. యంత్రాన్ని తెచ్చుకున్నాం గాని, దాని వెనక ఉన్న అలవాటును తెచ్చుకోలేదు.

మేస్త్రీ లైనర్లన్నీ తీసి, కూర్చునే చోట్లు గీకి, అడుగున కొత్త సీళ్ళు వేసి, ఎత్తు కొలిచి సరిచేశారు. హెడ్డును చదును చేయించారు. టార్క్ స్పానరుతో నడుమ నుంచి బయటికి, మూడు విడతలుగా బిగించారు. సరిగ్గా ఆ కుర్రాడు బిగించానని చెప్పిన పద్ధతే అది. డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోశారు. ఆ తరువాత గాస్కెట్ పోలేదు.

మామయ్య ఆ అబ్బాయిని వెతుక్కుంటూ వెళ్ళారు. తిరుప్పూరులో బనియన్ల కంపెనీలో చేరాడని తెలిసి అక్కడికీ వెళ్ళారు. తప్పు నీది కాదని చెప్పారు. మళ్ళీ రమ్మన్నారు. అతను తల ఊపాడట గాని, రాలేదు. మంచి మేస్త్రీ కావలసినవాడు. ఇంజను మూడు గాస్కెట్లు తిని బాగుపడింది. ఆ అబ్బాయికి అలాంటి అవకాశం ఇవ్వలేకపోయాం.

ఆ కాలంలోనే మా ఊరి ఎస్. కరివర్ధన్ గారు, మారుతి 800 ఇంజనుతో చవకగా పందెపు కార్లు తయారు చేసి యువకుల చేతికి అందించారు. ఆ ఫార్ములా మారుతి కార్లలో పందేలు నేర్చుకున్న మా కోయంబత్తూరు బిడ్డ నరేన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడయ్యాడు. కరివర్ధన్ గారు అది చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో పోయారు. 2003లో చెట్టిపాళయం దగ్గర తెరిచిన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. ఇలాంటి పెద్దల పేర్లు చరిత్రలో నిలుస్తాయి, నిలవాలి కూడా. వారి వెనక బోల్టులు బిగించిన పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు.

ఈ రోజు బడిలో ఒక పిల్లవాడు లెక్క తప్పు చేస్తే, వెంటనే మొద్దు అనబోయి ఆగుతాను. ముందు వాడి కళ్ళు, తరువాత ఇల్లు, ఆ తరువాత మేం చెప్పిన పాఠం, చివరికి వాడి శ్రద్ధ. ఒక వరస పెట్టుకుని చూస్తాను. చాలాసార్లు లోపం వాడు రాకముందే ఎవరో చేసినదై ఉంటుంది. కొన్నిసార్లు బిందె పట్టుకుని నీళ్ళు పోసిన చెయ్యి నాదే అయి ఉంటుంది.