అవకలజం

గణితంలో ఒక ప్రమేయం విలువ ఒకానొక బిందువు వద్ద ఎంత త్వరగా మారుతున్నదో తెలిపేది అవకలజం. దీనిని కనుగొనే పద్ధతి అవకలనం. ఇంటర్మీడియట్‌లో సూత్రాలు కంఠస్థమైనా అర్థం పట్టుబడనిది తరచు ఇక్కడే.

గుర్రంకొండ వంటి నిటారు కొండ అంచు నుండి రాయిని జారవిడిస్తే, గాలి నిరోధాన్ని విస్మరించినచో, అది పడిన దూరం మీటర్లలో కాలవర్గానికి 4.9 రెట్లు (కాలం సెకన్లలో). సరిగ్గా 2 సెకన్ల వద్ద దాని వేగమెంత? 2 నుండి 3 సెకన్ల వరకు సగటు వేగం సెకనుకు 24.5 మీటర్లు; 2 నుండి 2.1 వరకు 20.09, 2 నుండి 2.01 వరకు 19.649. వ్యవధి తగ్గేకొద్దీ సగటు 19.6ను సమీపిస్తుంది. ఈ అవధియే ఆ క్షణాన దూరం యొక్క అవకలజం, అనగా తక్షణ వేగం. ఇక్కడ సున్నాను సున్నాతో భాగించడం లేదు; అది అర్థరహితం. కాలానికి ఎదురుగా దూరాన్ని గుర్తించి గీసిన వక్రానికి ఆ బిందువు వద్ద స్పర్శరేఖ వాలు కూడా ఇదే.

అవధి నిర్వచనం రాకమునుపే, 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యుడు గ్రహాల తాత్కాలిక గతిని చర్చించాడు.