రాస్ తనూరా: స్థానిక గుత్తేదారులకు ప్రోత్సాహము

సౌదీ అరేబియా తూర్పుతీరమున, 1939 మే 1న అబ్దుల్ అజీజ్ రాజు స్వహస్తముతో కవాటము త్రిప్పి తొలి ఓడకు ముడిచమురు నింపించిన రేవు రాస్ తనూరా. ఇచ్చటి చమురుసంస్థ అరాంకో, నాడు అమెరికనుల సొత్తేయైనను, రవాణా నిర్మాణాది పనులను స్థానికులకు గుత్తకిచ్చి ప్రోత్సహించెను. అందు ఉద్యోగియైన సులైమాన్ ఒలయాన్ 1947లో కొలువు విడిచి, ఇల్లు తాకట్టుపెట్టి, ట్యాప్‌లైన్ గొట్టపుమార్గపు పనులకై గుత్తసంస్థను స్థాపించెను. పని దొరకినను పెట్టుబడి దొరకదనుటకు ఆ తాకట్టే సాక్ష్యము. ఈ చిక్కును గుర్తించియే కాబోలు, 2019 నాటి ప్రభుత్వ టెండర్ల శాసనము చిన్న, మధ్యతరహా స్థానిక సంస్థలకు ప్రాధాన్యమొసగినది. భారతదేశమున కేంద్రప్రభుత్వ కొనుగోళ్లలో షెడ్యూల్డు కులములు, తెగల వ్యాపారులకు ప్రత్యేకించిన 4 శాతము వంటి వాటా అచ్చట లేదు, స్థానికతయే ప్రమాణము.